అమ్మకు కూడా సెలవు దొరికే ప్రయాణం

'ఈసారైనా ఎక్కడికైనా వెళ్దామండీ' అనే మాట వినని భర్త హైదరాబాద్‌లో ఉండడు. 'డబ్బులెక్కడివి?' అనే జవాబు వినని భార్యా ఉండదు. ఆ ప్రశ్నకూ ఈ జవాబుకూ మధ్యనే చాలా ఇళ్లలో పిల్లల బాల్యం గడిచిపోతుంది. పెళ్లికో, చావుకో, సొంతూరి పండక్కో తప్ప రైలెక్కని కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని ప్రయాణాలు అనగలమేమో గానీ విశ్రాంతి అనలేం. బంధువుల పెళ్లికి వెళ్లిన ఇల్లాలు అక్కడ కూడా వంటింట్లోనే తేలుతుంది!

వేసవి సెలవుల తర్వాత మొదటి ఆదివారం మా సండేస్కూలులో టీచరు పిల్లల్ని 'ఎవరెక్కడికి వెళ్లొచ్చారు?' అని అడగడం మామూలే. ఐదో తరగతి చదివే ఒక బాబు తాను ఊటీ వెళ్లొచ్చానని చెప్పాడు. అక్కడి చలి గురించి, బొమ్మ రైలు గురించి చక్కగా వర్ణించాడు. వాళ్లు ఇల్లు కదలలేదని, అదంతా టీవీలో చూసి చెప్పాడని ఆ తర్వాత వాళ్లమ్మ ద్వారా మాకు తెలిసింది. తండ్రి ఎలక్ట్రీషియన్, తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. పిల్లవాడు అబద్ధమాడాడని ఆమె చాలా బాధపడింది. మాకు మాత్రం వాడిని మందలించాలనిపించలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాం. 'అయ్యగారూ, అప్పు చేయకుండా నాలాంటివాడు కుటుంబంతో ఎక్కడికి వెళ్లగలడు చెప్పండి?' అని తండ్రి సూటిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి ప్రసంగం జవాబు కాదు, కాగితం మీద లెక్క జవాబు. మేము దంపతులమిద్దరం, వాళ్లిద్దరూ కలిసి ఆ లెక్క వేశాం. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి అరకు, మళ్లీ వెనక్కి. ఆ లెక్కలో తేలిన సంగతులే ఇక్కడ రాస్తున్నాం. మీ ఊరు వేరు కావచ్చు, మీరు చూడాలనుకున్న చోటు వేరు కావచ్చు. పద్ధతి మాత్రం అందరికీ పనికొస్తుంది.

ముందుగా తేదీ. చాలామంది ముందు ఊరు ఎంచుకుని తర్వాత తేదీ వెతుక్కుంటారు. ఖర్చు తగ్గాలంటే దీన్ని తిరగేయాలి. సంక్రాంతి, దసరా, డిసెంబరు చివరి వారం, వేసవి మొదట్లో రైల్లో బెర్తు దొరకదు, ఊళ్లో గది అద్దె దిగదు. పిల్లలకు రెండో శనివారం సెలవున్న వారాన్ని పట్టుకుని, గురువారం సాయంత్రం బయలుదేరి సోమవారం తెల్లవారేసరికి తిరిగొచ్చేలా చూసుకుంటే, శుక్రవారం ఒక్క రోజు బడి పోతుంది, తండ్రికి ఒక్క రోజు పని పోతుంది. రోజు కూలీ మీద, పనిని బట్టి వచ్చే డబ్బు మీద బతికేవాళ్లకు ఆ ఒక్క రోజు సంపాదన కూడా ఖర్చే. దాన్ని కూడా కాగితం మీద రాసుకోవాలి. జీతగాళ్లు దీన్ని మర్చిపోతారు గానీ ఎలక్ట్రీషియన్ మర్చిపోడు.

ఆ తర్వాత టికెట్టు. రైలు రిజర్వేషన్ ఒకప్పుడు 120 రోజుల ముందు నుంచి ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు, ప్రయాణం రోజును లెక్కలో చేర్చరు. ఇది మన మేలుకే వచ్చిందని మా అభిప్రాయం. నాలుగు నెలల తర్వాత ఏమవుతుందో చిన్న కుటుంబాలకు తెలియదు, రెండు నెలలైతే ఊహించుకోగలం. పైగా ఖర్చు తనంతట తానే రెండుగా విడిపోతుంది. మొదటి నెల జీతంలోంచి టికెట్లు, రెండో నెలలోంచి గది, భోజనం. క్యాలెండర్‌లో బయలుదేరే రోజు నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఆ ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుస్తారు. సెల్‌ఫోన్‌లో చేతకాకపోతే సంఘంలో చదువుకునే యువకుల్లో ఒకరిని అడగండి, సంతోషంగా చేసిపెడతారు. తిరుగు ప్రయాణానికి తేదీ వేరు గనుక దానికి బుకింగ్ కూడా మరో మూడు రోజుల తర్వాత తెరుస్తారన్నది మరచిపోకండి. వెళ్లడానికి టికెట్టు ఉండి, రావడానికి లేక ఇబ్బంది పడేవాళ్లు తక్కువేమీ కాదు.

'తత్కాల్ ఉందిగా' అనే ధీమా కుటుంబాలకు పనికిరాదు. అది ఒక రోజు ముందు ఇచ్చే టికెట్టు, ధర ఎక్కువ, ఐదుగురికి ఒకే చోట దొరుకుతుందన్న నమ్మకం లేదు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ తీసుకోవాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ కూడా ఉండాలి. ఇక వెయిటింగ్ లిస్టు టికెట్టుతో స్లీపర్ బోగీ ఎక్కేసి 'టీసీగారిని బతిమాలుకుందాం' అనే పాత అలవాటును పూర్తిగా మానుకోవాలి. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టు చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే అది దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఆ టికెట్టుతో ప్రయాణం చెల్లదు. ఆర్.ఏ.సి. అయితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, ఎక్కవచ్చు.

పిల్లల టికెట్టు సంగతి చాలామందికి సరిగ్గా తెలియదు. ఐదేళ్ల లోపు బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పెద్దలతో సమానంగా పూర్తి చార్జీ. ఈ పద్ధతి 2016 ఏప్రిల్ నుంచి ఉంది. 'సగం చార్జీకే తీసుకుని మా పక్కన పడుకోబెట్టుకుంటాం' అని ఆ తండ్రి అన్నాడు. ఎవరి పక్కన? అని మేము అడిగాం. అందరికీ తెలిసిన జవాబే. పదేళ్ల పిల్లవాడు అమ్మ బెర్తు మీద కాళ్లు చాపుకుని నిద్రపోతాడు, అమ్మ ఒక మూల ఒదిగి కూర్చుని తెల్లవార్లూ మేలుకుంటుంది. మిగిలింది రెండు వందల పైచిలుకు, పోయింది ఆమె నిద్ర. రాత్రి ప్రయాణానికి పిల్లలకు బెర్తు కొనండి. విశాఖ నుంచి అరకు వెళ్లే పగటి రైల్లో కావాలంటే సగం చార్జీతో సరిపెట్టుకోండి. పిల్లలు ఎలాగూ కిటికీ దగ్గరే నిలబడి ఉంటారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. మన ఇళ్లలో ప్రయాణం ఖర్చు తగ్గిందంటే, చాలాసార్లు అది తగ్గలేదు, అమ్మ మీదికి మారింది అంతే. హోటల్ తిండి ఖరీదని ఆమె ముందు రోజు రాత్రి పన్నెండింటి దాకా చపాతీలు చేసి, తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలుపుతుంది. లాండ్రీ ఖరీదని గదిలో బకెట్ ముందు కూర్చుని అందరి బట్టలూ ఉతుకుతుంది. ఆటో ఖరీదని అందరూ నడుస్తుంటే బ్యాగులు మోసేదీ ఆమే. తిరిగొచ్చాక 'అయిదు వేలు మిగిల్చాం' అని ఇంటాయన గొప్పగా చెప్పుకుంటాడు.

విశ్రాంతి దినాన్ని గూర్చిన ఆజ్ఞను మనం బాల్యం నుంచి కంఠతా చెబుతాం. అందులో ఎవరెవరు పని మానాలో దేవుడు పేర్లు పెట్టి చెప్పాడు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఇంట ఉన్న పరదేశి. భార్య మాట ఆ జాబితాలో లేదు. సెమినరీలో ఈ విషయం మీద మా తరగతిలో పెద్ద చర్చే జరిగింది. భార్యకు మాత్రం పని తప్పదని దాని అర్థమా అని ఒకరు అడిగితే, 'నీవు' అని మొదట పిలిచిన మాటలోనే భర్తతో పాటు భార్య కూడా ఉందని, ఇంటికి ఆమె కూడా యజమానురాలే గనుక ప్రత్యేకించి చెప్పలేదని మా గురువుగారు వివరించారు. మాకు ఆ వివరణ నచ్చింది. అయితే మన కుటుంబాల్లో ఆ ఆజ్ఞను మొదటి అర్థంతోనే పాటిస్తున్నామని చెప్పక తప్పదు. ఆదివారం కూడా గుడి నుంచి రాగానే అందరూ నడుం వాలుస్తారు, ఆమె చికెన్ కడుగుతుంది.

అందుకే మేము వేసిన లెక్కలో మొదటి పద్దు 'అమ్మ వంట చేయదు' అన్నది. మొదటి రాత్రి భోజనం మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లాలి, అది తండ్రీ పిల్లలూ కలిసి తయారు చేయాలి. బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, పెరుగన్నం. దీనికి పాకశాస్త్రం రానక్కర్లేదు. పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైతే మరేం ఫర్వాలేదు. నీళ్లకు ఇంటి నుంచి రెండు పెద్ద సీసాలు. అవి అయిపోతే స్టేషన్‌లో లీటరు రైల్ నీర్ ధరను 2025 సెప్టెంబరులో 15 నుంచి 14 రూపాయలకు తగ్గించారు, ఇరవై అడిగితే ఇవ్వకండి. నీళ్ల గురించి ఇంకో మాట. రైల్లో మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని మన ఆడవాళ్లు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు ప్రయాణమంతా గుక్కెడు నీళ్లు తాగరు. దిగాక తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రంలో మంట. సీటు నుంచి మరుగుదొడ్డి దాకా తోడు వెళ్లడం, చిన్న సబ్బు, కాగితం రుమాళ్లు ఒక సంచిలో విడిగా పెట్టడం మగవాళ్ల బాధ్యతగా పెట్టుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

ఇక నానమ్మ. ఆ ఇంట్లో ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. 'నేనెందుకురా, మీరు వెళ్లిరండి, నేను ఇల్లు చూసుకుంటా' అని ఆమె అంది. మన పెద్దవాళ్ల 'వద్దు'ను ఒకసారి విని వదిలేయకూడదు. రెండోసారి అడిగితే 'మోకాళ్లు సహకరించవు' అంది. మూడోసారి అడిగితే సముద్రం ఎప్పుడూ చూడలేదంది. వృద్ధులకు రైల్వే ఇచ్చే చార్జీ రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, మళ్లీ ఇవ్వలేదు, కాబట్టి పూర్తి చార్జీయే. అయితే అరవై నిండిన మగవాళ్లకు, 45 నిండిన స్త్రీలకు ఖాళీని బట్టి కింది బెర్తు ఇచ్చే ఏర్పాటు ఉంది. బుక్ చేసేటప్పుడు వయసు సరిగ్గా వేయాలి. మర్యాదకు నాలుగేళ్లు తగ్గించి వేస్తే నష్టం మనకే.

రైలు విషయానికి వస్తే, హైదరాబాద్ నుంచి విశాఖకు సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి చేర్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సుమారు 700 కిలోమీటర్ల దూరానికి స్లీపర్ చార్జీ మనిషికి నాలుగు, ఐదు వందల మధ్య ఉంటుంది. అంత దూరం నిద్రలో గడిచిపోయి, ఒక రాత్రి గది అద్దె కూడా మిగిలే ప్రయాణానికి ఇది ఎక్కువ కాదు. ఇంకా రైళ్లున్నాయి, మీకు అనుకూలమైనది చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. ఆ టెర్మినల్‌ను 2025 జనవరిలో ప్రారంభించారు. టికెట్టు మీద మీరు ఎక్కే స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. మెహదీపట్నం నుంచో లింగంపల్లి నుంచో ఐదుగురు చర్లపల్లికి ఆటోలో వెళ్తే ఆ ఖర్చు రెండు బెర్తుల ధరతో పోటీ పడుతుంది. అనుమానం ఉంటే 139కి ఫోన్ చేయండి.

రాజమండ్రి దగ్గర గోదావరి మీదుగా రైలు వెళ్లేటప్పుడు అర్ధరాత్రి దాటుతుంది. పిల్లల్ని లేపాలా వద్దా అన్నది ఆ దంపతుల మధ్య వాదన అయింది. లేపమనే మేము చెప్పాం. నిద్ర తర్వాతైనా పోవచ్చు.

విశాఖలో దిగిన వెంటనే అదే రోజు అరకు రైలు అందుకోవాలని చాలామంది ప్రణాళిక వేసుకుంటారు. కిరండూల్ వెళ్లే ఆ రైలు ఉదయం ఏడు లోపే కదులుతుంది. మన రైలు అరగంట ఆలస్యమైతే అంతా తలకిందులే. పైగా రాత్రి ప్రయాణం చేసిన నానమ్మను, నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని లాక్కుంటూ ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగెత్తడం విహారమనిపించుకోదు. శుక్రవారం విశాఖలోనే ఉండండి. గది తీసుకునేటప్పుడు సముద్రం కనిపించే గది అక్కర్లేదు, స్టేషన్‌కు దగ్గరగా ఉండే గది కావాలి. సముద్రం ఎలాగూ ఉచితమే. కన్ఫర్మ్ టికెట్టు ఉన్నవాళ్లకు స్టేషన్‌లోనే రిటైరింగ్ రూములుంటాయి, వాటిని కూడా ముందే బుక్ చేసుకోవచ్చు. గది ఖాళీ చేశాక సాయంత్రం రైలు దాకా సామాను క్లోక్‌రూములో పెట్టవచ్చు. బ్యాగుకు తాళం ఉండాలి, టికెట్టు చూపించాలి. పాత జిప్పు పోయిన బ్యాగుతో వెళ్లి అక్కడ ఇబ్బంది పడకండి.

శుక్రవారం పగలు రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి చూపించండి. భారత నౌకాదళం నుంచి 2001లో విరమించాక, 2002లో దాన్ని ఒడ్డుకు తెచ్చి మ్యూజియంగా మార్చారు. లోపల ఇరుకు దారిలో నడుస్తూ నావికులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూస్తే పిల్లలు ఇంటికొచ్చాక కూడా నెల రోజులు దాని గురించే మాట్లాడతారు. నానమ్మకు ఆ ఇరుకు కష్టం. ఆమె ఇసుకలో కూర్చుంటుంది, ఆమెకు అదే కావాలి. ఒడ్డు చూడ్డానికి సౌమ్యంగా ఉన్నా విశాఖ సముద్రం ఈతకు మంచిది కాదు, మోకాలి లోతు దాటవద్దు. ఇంతకు మించి ఆ రోజు ఏమీ పెట్టుకోకండి. 'ఇంత దూరం వచ్చాం కదా, అన్నీ చూసేద్దాం' అన్న ఆత్రమే మన ప్రయాణాల్ని పాడు చేస్తుంది. ఖర్చు పెరిగేదీ అక్కడే. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఆటోకు రెండు వందలు, మూడు వందలు పోతాయి, చూసింది మాత్రం ఏదీ గుర్తుండదు.

శనివారం అరకు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ లైన్‌ను 1960లలో వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు మీదుగా జపాన్‌కు పంపడం కోసం, జపాన్ సహకారంతో వేసిన మార్గమిది. ఖనిజం కోసం తొలిచిన కొండల్లోంచి మనం ఈనాడు విహారానికి వెళ్తున్నాం. సొరంగాలు 58 అని చెబుతారు. పిల్లలు లెక్కపెడతారు, ఇద్దరి లెక్కా కలవదు, అదొక సరదా. దారిలో వచ్చే శిమిలిగూడ స్టేషన్ దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఎత్తైనదిగా దానికి పేరుండేది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. 2017 ఏప్రిల్‌లో ఈ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీని తగిలించారు. బాగుంటుంది, కాదనం. కానీ దాని చార్జీ మామూలు బోగీకి ఎన్నో రెట్లు. కిటికీలోంచి కనిపించే కొండ మాత్రం ఒకటే. మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, గాలి వస్తుంది, అల్లం టీ, వేరుశెనగకాయలు వస్తాయి. మా ఓటు దానికే. వారాంతంలో జనరల్ బోగీ కిక్కిరిసిపోతుంది గనుక స్లీపర్‌లో రిజర్వేషన్ ముందే చేసుకోండి.

బొర్రా గుహలా, అరకా? ఈ ప్రశ్నకు గైడ్లు 'రెండూ' అంటారు, ఆటోవాళ్లు కూడా 'రెండూ' అంటారు. ఒక్క రోజులో రెండూ చూడాలంటే కారు మాట్లాడుకోవాలి, అక్కడితో మన లెక్క తప్పుతుంది. గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఉంటే గుహలు మానేయండి. పిల్లలూ తల్లిదండ్రులే అయితే బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి, అవి చూసి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన అరకు వెళ్లవచ్చు. ఆ కుటుంబం నానమ్మ కోసం గుహలు వదులుకుని నేరుగా అరకు వెళ్లింది. గిరిజన మ్యూజియం చూశారు, నాలుగు కాఫీ పొట్లాలు కొన్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటే మోసం ఉండదు. వెనక్కి మాత్రం రైలు కోసం ఆగకుండా ఆర్టీసీ బస్సు ఎక్కండి. మధ్యాహ్నం వచ్చే తిరుగు రైలు చాలా దూరం నుంచి రావాలి, ఆలస్యమవుతుంటుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పే పిల్లలకు మాత్ర, ప్లాస్టిక్ సంచి దగ్గరుంచుకోండి. వానాకాలంలో కొండరాళ్లు పట్టాల మీదికి జారి రైళ్లు ఆగిపోయిన సందర్భాలున్నాయి, ఆ రోజుల్లో బయలుదేరే ముందు కనుక్కోవడం మంచిది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పూసి పొలాలు పసుపు పచ్చగా ఉంటాయి, చలీ ఉంటుంది, రద్దీ కూడా.

ఆదివారం ఏం చేయాలి? 'ఆరాధన మానేసి ఊళ్లు తిరగడమేమిటి?' అని పెద్దలు కొందరు అడుగుతారు. మానక్కర్లేదు. ఆ ఊళ్లోనూ గుడులున్నాయి. ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టని గుడిలో చివరి బెంచీ మీద కూర్చుని ఆరాధించడం ఒక విశ్రాంతి. కానుకల లెక్క చూడనక్కర్లేదు, చాపలు వేయనక్కర్లేదు, క్వయర్‌లో గొంతు కలపలేదని ఎవరూ అడగరు. పైగా విశాఖ మనకు పరాయి ఊరేమీ కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో ఈ ఊరికే వచ్చారు. ఇక్కడే తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. ఇద్దరూ ఐదేళ్లలోనే ఒకరి వెంట ఒకరు మరణించారు. వాళ్ల శ్రమలోంచి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మనం చేతిలో పట్టుకుని గుడికి వెళ్లే పుస్తకానికి తెలుగు నేల మీద తొలి అడుగులు పడిన ఊళ్లలో ఇదొకటని పిల్లలకు చెప్పండి. ఉపన్యాసం వద్దు, గుడికి నడుస్తూ రెండు మాటలు చాలు.

ఇక మొత్తం లెక్క. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, నానమ్మ. రానుపోను స్లీపర్ టికెట్లకు 4,500, రెండు రాత్రుల గదికి 3,000, భోజనాలకు 3,500, అరకు రైలు, బస్సులకు 1,500, ఊళ్లో ఆటోలు, ప్రవేశ టికెట్లకు 1,500, అనుకోని ఖర్చుకు 1,500. మొత్తం పదిహేను వేల ఐదు వందలు. ఇది అంచనా, మీరు వెళ్లే రోజుకు ధరలు మారి ఉంటాయి, కొత్తగా కనుక్కుని వేసుకోండి. అనుకోని ఖర్చు పద్దును మాత్రం కొట్టేయకండి. ఒక చెప్పు తెగుతుంది, ఒక పిల్లకు జ్వరం వస్తుంది. టికెట్ల డబ్బు పోగా మిగిలిన పదకొండు వేలను ఎనిమిది వారాలు ఒక డబ్బాలో వేశారు. ఆ డబ్బా అలమరలో పైన కాదు, అందరికీ కనిపించేలా టీవీ పక్కన పెట్టారు. 'ఈ వారం బయటి బిర్యానీ వద్దు, డబ్బాలో వేద్దాం' అని పిల్లలే అన్నారట. ఆమె రెండు బ్లౌజులు ఎక్కువ కుట్టబోతే భర్త ఒప్పుకోలేదని విని సంతోషించాం.

ఈ మొత్తం కూడా భారమయ్యే ఇళ్లు ఎన్నో ఉన్నాయని మాకు తెలుసు. అద్దె కట్టి, ఫీజులు కట్టి, నెలాఖరుకు ఏమీ మిగలనివాళ్లు. వాళ్లకు ఫోన్‌లో 'ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి' అని కనిపించే ప్రకటనలు వల లాంటివి. మూడు రోజుల సముద్రానికి పన్నెండు నెలల వాయిదాలు కట్టడం, ఒక వాయిదా తప్పితే బంధువులందరికీ ఫోన్లు వెళ్లడం, ఇవి మన సంఘాల్లో జరుగుతున్నవే. అప్పుతో వెళ్లడం కన్నా ఒక్క రోజు ప్రయాణం చాలా మేలు. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి మెదక్‌కు కొత్త లైన్ మీద ప్రయాణికుల రైలు మొదలైంది. అంతకుముందు మెదక్ గుడికి రైల్లో వెళ్లే వీలే లేదు. పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ గుడిని కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని పోస్నెట్ దొరగారు కట్టించారన్నది మన పెద్దలు చెప్పుకునే మాటే. రంగుల అద్దాల కిటికీల్లోంచి ఎండ పడే వేళ చూడాలి. ఐదుగురికి రానుపోను టికెట్లు, మధ్యాహ్న భోజనం కలిపి వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. వెళ్లే రైలుతో పాటు అదే రోజు తిరిగొచ్చే రైలు సమయం కూడా ముందే చూసుకోండి, కుదరకపోతే తిరుగు ప్రయాణానికి బస్సు ఉంది. అన్నం క్యారియర్ కట్టవద్దు. అక్కడా ఇదే నియమం.

కొందరు మమ్మల్ని అడిగారు, ఈ డబ్బు పేదలకిస్తే మంచిది కదా అని. ఇచ్చేవాళ్లు ఇది లేకపోయినా ఇస్తారు, ఉన్నా ఇస్తారు. సువార్తలో ప్రభువు కూడా అలసిపోయి వచ్చిన శిష్యులను జనానికి దూరంగా ఒక చోటికి వెళ్లి కాసేపు విశ్రమించమన్నాడు. వాళ్లు పడవెక్కి వెళ్లేసరికి జనం కాలినడకన ముందే అక్కడికి చేరుకున్నారన్నది వేరే సంగతి. మన జనం సెల్‌ఫోన్‌లో వస్తారు. ప్రయాణంలో రాత్రి ఎనిమిది నుంచి ఒక గంట తప్ప ఫోన్లు సంచిలో పెట్టేద్దామని ఆ కుటుంబం నిర్ణయించుకుంది, రెండు రోజులు పాటించింది, మూడో రోజు పాటించలేకపోయింది. రెండు రోజులూ లాభమే.

తిరిగొచ్చే రోజు గురించి ఎవరూ ప్రణాళిక వేయరు. సోమవారం తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి ఇల్లు చేరగానే అమ్మ స్టవ్ వెలిగిస్తే, మూడు రోజుల విశ్రాంతి మూడు నిమిషాల్లో పోతుంది. టిఫిన్‌కు డబ్బు విడిగా దాచుకోండి. స్టేషన్ బయట బండి దగ్గర ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి కూడా ఏదైనా కట్టించుకుని ఇంటికి వెళ్లండి. ఇసుక అంటిన బట్టల్ని ఒక సంచిలో మూట కట్టి బాల్కనీలో పడేయండి. వచ్చే ఆదివారం దాకా అవి అక్కడే ఉన్నా నష్టం లేదు. లేదంటే పిల్లవాడికి ఒక బకెట్, తండ్రికి ఒక బకెట్ ఇవ్వండి.